ముఖం చాటేసినవారికే పట్టమా?

ఇకమీదట డొనాల్డ్ ట్రంప్‌తోనో, జో బైడెన్‌తోనో తప్ప మరెవరితోనూ సంవాదానికి రానని 2024 ఎన్నికలో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిత్వాన్ని ఆశించిన నిక్కీ హేలీ ఆ ఏడాది జనవరి 16న, మంగళవారం తేల్చిచెప్పారు. దాంతో న్యూహాంప్‌షైర్‌లో గురువారం ఏబీసీ, ఆదివారం సీఎన్ఎన్ నిర్వహించవలసిన రెండు డిబేట్లూ రద్దయ్యాయి. వస్తానన్నది మరో అభ్యర్థి రాన్ డిశాంటిస్ ఒక్కరే, ఒక్కరితో సంవాదం సాగదు. దేశంలో మొట్టమొదటి ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పోలింగు) జరిగే ఆ రాష్ట్రం, జనవరి 23న ఓటు వేయడానికి ముందు, తమ గడ్డ మీద అభ్యర్థులను పక్కపక్కన నిలబెట్టి ఒక్కసారైనా ప్రశ్నించే అవకాశాన్ని కోల్పోయింది. ప్రశ్నలకు చిక్కకుండా తిరగడమే గెలుపు మార్గమని ట్రంప్ చూపించారు, అంతవరకు ఆయన్ను తప్పుపట్టిన హేలీ కూడా ఆ బాటే పట్టారు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ ఒరవడి.

2023 ఆగస్టు 23న మిల్వాకీ మొదలుకొని డిసెంబరు 6న టస్కలూసా వరకు పార్టీ జాతీయ కమిటీ నిర్వహించిన నాలుగు డిబేట్లలో ఒక్కదానికీ ట్రంప్ హాజరు కాలేదు. మిల్వాకీ వేదిక మీద ఎనిమిది మంది వాదించుకుంటున్న వేళకు ముందే రికార్డు చేసిన తన ఇంటర్వ్యూను విడుదల చేయించారు. 2024 జనవరి 10న అయోవాలోని డెమోయిన్‌లో హేలీ, డిశాంటిస్ ముఖాముఖి తలపడుతుండగా అదే నగరంలో, అదే సమయానికి ఆయన ఫాక్స్ న్యూస్ సభలో తన అభిమానుల మధ్య కూర్చున్నారు. అయిదు రోజులు తిరగకుండానే, ప్రైమరీకి బదులు పార్టీ సభల్లో (కాకస్‌లలో) ఓటు వేసే అయోవా ఆయనకు 51 శాతం ఓట్లిచ్చింది. 99 కౌంటీల్లో 98 ఆయనవే, మిగిలిన జాన్సన్ కౌంటీ సైతం ఒకే ఒక్క ఓటు తేడాతో చేజారింది. గడ్డకట్టే చలిలో బడులకు, చర్చిలకు చేరుకున్న ఓటర్లు అభ్యర్థుల తరఫు ప్రసంగాలు ఇంకా వింటూ ఉండగానే, చాలాచోట్ల చీటీల మీద పేర్లు రాయకముందే, వార్తాసంస్థలు విజేతను ప్రకటించేశాయి.

ఆయన నాలుగేళ్ల పాలనను జనం చూశారు కదా, కొత్తగా తెలుసుకునేదేముందని, పైగా డిబేట్లు టీవీ తమాషాలేనని ఆయన పక్షం వాదించింది. ఆ వాదన నిలవదు. నాలుగు కేసుల్లో 91 అభియోగాలు, ఓడిన ఎన్నికను ఒప్పుకోని వైఖరి, 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీద జరిగిన దాడి, ఇవన్నీ ఆయన గత ప్రైమరీ పోరు తర్వాత వచ్చిపడినవే. వాటి మీద సొంత పార్టీ ప్రత్యర్థుల ఎదుట ఆయన ఒక్కసారి కూడా జవాబు చెప్పుకోలేదు.

ఒకప్పుడు ఇలా తప్పించుకున్నవారు మూల్యం చెల్లించేవారు. 1980లో అందరికన్నా ముందున్నానన్న ధీమాతో రొనాల్డ్ రీగన్ అయోవా డిబేట్‌కు ఎగనామం పెట్టి, అక్కడ సీనియర్ జార్జ్ బుష్ చేతిలో ఓడిపోయారు. పాఠం నేర్చుకున్న ఆయన న్యూహాంప్‌షైర్‌లోని నాషువా వేదికకు మిగతా నలుగురు అభ్యర్థులను కూడా వెంటబెట్టుకొచ్చారు. మైకు కట్టేయమని నిర్వాహకుడు పురమాయిస్తే, ఈ మైకుకు డబ్బు కడుతున్నది నేనని ఆయన గద్దించారు. బుష్ కుర్చీలో బిగుసుకుపోయి ఎదురుగా చూస్తూ ఉండిపోయారు. ఎవరు ఎలాంటి నాయకులో ఆ కొన్ని క్షణాల్లోనే అక్కడి ఓటర్లకు అర్థమైంది, మూడు రోజుల తర్వాత రీగన్ ఘనవిజయం సాధించారు. 2016లో అయోవా ఓటింగుకు ముందు చివరి డిబేట్‌ను ఎగ్గొట్టిన ట్రంప్ కూడా అక్కడ టెడ్ క్రూజ్ చేతిలో ఓడారు. రానివారిని అయోవా రెండుసార్లు ఓడించింది. మూడోసారి నెత్తిన పెట్టుకుంది. 2028లో ముందంజలో ఉండే అభ్యర్థికి, ఆ పై ఎన్నికలో మరొకరికి, ఏ పార్టీవారైనా సరే, ఇక డిబేట్‌కు రావలసిన అవసరమేమిటి?

నాయకత్వ లక్షణాలు ప్రకటనల్లో కనిపించవు, ఊహించని ప్రశ్న ఎదురైనప్పుడు బయటపడతాయి. 2023 డిసెంబరు 27న న్యూహాంప్‌షైర్‌లోని బెర్లిన్ పట్టణంలో జరిగిందే చూడండి. అమెరికా అంతర్యుద్ధానికి కారణమేమిటని సభలోని ఒక సాధారణ ఓటరు హేలీని అడిగారు. ప్రభుత్వం ఎలా నడవాలి, ప్రజల స్వేచ్ఛ ఎలా ఉండాలి అంటూ చాలాసేపు మాట్లాడిన ఆమె నోట బానిసత్వం అన్న మాటే రాలేదు. ఆ మాటే ఎత్తలేదేమని అతడు విస్తుపోతే, బానిసత్వం గురించి నన్నేం చెప్పమంటారని ఎదురు ప్రశ్నించి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. మర్నాడు సవరించుకున్నారు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మంది నల్లజాతీయులు హత్యకు గురైనప్పుడు, దక్షిణ కరోలినా గవర్నరుగా శాసనసభ ఆవరణ నుంచి అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండాను దింపించిన నాయకురాలు ఈమే. అంతటి నిర్ణయం తీసుకున్న మనిషి ఓట్ల లెక్కల ముందు ఎందుకు తడబడ్డారో ఓటరుకు తెలియాలి. అది తెలిసింది ఒక ప్రశ్న వల్లనే. దోషిగా తేలినా ట్రంప్‌ను బలపరుస్తారా అని మిల్వాకీలో అడిగినప్పుడు ఆరుగురి చేతులు పైకి లేచాయి. వాటిలో హేలీ చేయీ ఉంది, మరో అభ్యర్థి వివేక్ రామస్వామి చెయ్యి అందరికన్నా ముందు లేచింది. ఆ రాత్రి తెలిసింది కూడా ప్రశ్న వల్లనే.

భారతీయ మూలాలున్న హేలీ, రామస్వామి బరిలో ఉన్నారని ఇక్కడా, అమెరికాలోని మన కుటుంబాల్లోనూ కొంత మురిపెం కనిపించింది. పుట్టుక అర్హత కాజాలదు. హెచ్-1బీ లాటరీని రద్దు చేస్తానన్నది రామస్వామే. ఆ వీసాల మీదే బతుకులు ముడిపడిన వేలాది తెలుగు ఇళ్లకు, దాని స్థానంలో ఏం తెస్తారో నిలదీసి అడిగే వేదిక కావలసింది. అయోవా ఫలితం రాగానే ఆయన తప్పుకొని ట్రంప్ పంచన చేరారు.

డెమొక్రాట్లు ఈ విషయంలో పెదవి విప్పకపోవడమే మేలు. ప్రజాస్వామ్య రక్షణే తమ నినాదమని ఊరూరా చాటిన ఆ పార్టీ 2024 ఎన్నికకు ఒక్క డిబేట్ కూడా పెట్టలేదు. ఫ్లోరిడాలో బైడెన్ పేరొక్కటే పంపి ప్రైమరీనే లేకుండా చేసింది. పదవిలో ఉన్న అధ్యక్షుడికి పోటీ పెట్టకపోవడం ఆనవాయితీ అన్నారు. 2020లో ట్రంప్ కోసం కొన్ని రాష్ట్రాల్లో రిపబ్లికన్లు ప్రైమరీలను రద్దు చేసినప్పుడు చెప్పిన సాకు కూడా ఇదే. ఎనభై దాటిన అప్పటి అధ్యక్షుడు బైడెన్ సామర్థ్యం మీద సొంత పార్టీ ఓటర్లకే సందేహాలున్నప్పుడు వాటిని తీర్చవలసింది ఆయనే, అదీ నలుగురి ముందు. ట్రంప్ చేస్తే పిరికితనం, బైడెన్ చేస్తే సంప్రదాయం అంటే వినేవారెవరు?

అసలు దోషం రిపబ్లికన్ జాతీయ కమిటీది. వేదిక ఎక్కాలంటే గెలిచిన అభ్యర్థిని బలపరుస్తామని సంతకం చేయాల్సిందేనని పట్టుబట్టిన ఆ కమిటీ, అభ్యర్థిత్వం కావాలంటే వేదిక ఎక్కాల్సిందేనని ఒక్క మాట అనలేకపోయింది. పైగా 2023 డిసెంబరులో డిబేట్ల బాధ్యత నుంచే చేతులు దులుపుకుంది. ఇక హేలీ సంగతి. ట్రంప్‌కు దాక్కోవడానికి ఇక చోటు లేదని ఎద్దేవా చేసిన ప్రకటనలోనే, డిశాంటిస్ ఎదుటికి రానని ఆమె చెప్పారు. ఆదివారానికి అప్పటికి ఇంకా వ్యవధి ఉంది. ఆ ప్రకటనను ఆమె ఉపసంహరించుకుని వేదిక మీదికి రావలసింది. అందుకు సిద్ధపడకపోతే, ట్రంప్ పారిపోతున్నారన్న మాటను ఆ క్షణం నుంచి తన ప్రసంగాల్లోంచి తీసేయవలసింది.