1991 మీద మోపుతున్న నేరాలు, అందులో నిజమెంత

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఫోను నుంచి ఫోనుకు ఒక సందేశం పాకుతోంది. సారాంశం ఇది: "1991కి ముందు మన దేశం ఎవరి మీదా ఆధారపడలేదు. పి.వి. నరసింహారావు బంగారం అమ్మేసి, విదేశీ సరుకుకు తలుపులు బార్లా తెరిచారు. అప్పటి నుంచే ఊళ్ళు ఖాళీ అయ్యాయి, రైతు మునిగాడు. దిగుమతులన్నీ ఆపేస్తే స్వయం సమృద్ధి తిరిగి వస్తుంది." చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని నమ్మి పంపుతున్నారు కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

ముందు బంగారం సంగతి. 1991 మేలో, అంటే పి.వి. ప్రధాని కాకముందే, చంద్రశేఖర్ ప్రభుత్వం స్మగ్లర్ల నుంచి పట్టుకున్న 20 టన్నుల బంగారాన్ని తిరిగి కొనుక్కునే షరతుతో ఒక స్విస్ బ్యాంకుకు ఇచ్చింది. జూలైలో రిజర్వు బ్యాంకు మరో 47 టన్నుల దాకా ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. ఆ ఏడాది గడవకముందే ఆ అప్పు తీర్చి తాకట్టు విడిపించింది. 2009లో అదే రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నుల బంగారం కొన్నది. ఈ సగం కథను ఎవరూ పంపరు.

అసలు కుదువ పెట్టాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? ఎవరి మీదా ఆధారపడని దేశానికి డాలర్ల కొరత ఏమిటి? 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడింది, చమురు ధర ఎగిసింది, గల్ఫ్ నుంచి మనవాళ్ళు పంపే డబ్బు తగ్గింది. అప్పటికే 1980లలో చేసిన అప్పుల భారం ఉంది. 1991 జూన్ నాటికి మిగిలిన విదేశీ మారక ద్రవ్య నిల్వలు మూడు వారాల దిగుమతులకు కూడా చాలవు. తిండి గింజల సంగతి చూసినా 1960ల మధ్యలో అమెరికా ఓడల కోసం ఎదురుచూసిన దేశమే ఇది. ఆ ఆకలిని తీర్చింది 1967లో నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్ లాంటి ప్రాజెక్టులు, మద్దతు ధర, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐ.ఆర్. 8 లాంటి వరి వంగడాలు. మన బియ్యపు స్వయం సమృద్ధిలోనే విదేశీ విత్తనం ఉంది.

పాత రోజుల్లో అన్నీ దొరికేవన్నవారికి సిమెంటు పర్మిట్లు గుర్తుచేయాలి. నల్లగొండ వైపున్న మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి నేల నిండా సున్నపురాయి ఉన్నా, ఇల్లు కట్టుకునేవాడు బస్తాల కోసం ప్రభుత్వ కార్యాలయం చుట్టూ తిరిగేవాడు. 1982లో కొంత, 1989లో పూర్తిగా ఆ నియంత్రణ పోయింది. 1991 జూలైలో సిమెంటుకు పారిశ్రామిక లైసెన్సు కూడా అక్కరలేకుండా పోయింది. ఇప్పుడు ఉత్పత్తిలో మనది ప్రపంచంలో రెండో స్థానం.

ఇక 1991 నుంచే ఊళ్ళు ఖాళీ అయ్యాయన్న మాట, అంటే వలస. ఈ మాట పాలమూరులో పుట్టినవారు నమ్మడం నాకు బాధ కలిగిస్తుంది. కూలీలను పోగుచేసే గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు పెడితే భార్యాపిల్లలతో సహా లారీ ఎక్కిన మనుషులు 1991 ఆర్థిక సంస్కరణల కాలంలో పుట్టుకొచ్చినవాళ్ళు కారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా మట్టి మోసింది పాలమూరు కూలీలే. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 నాటిది. కృష్ణ, తుంగభద్ర పక్క నుంచే పారుతున్నా చేను తడవని నేల మాది. ఆ అన్యాయాన్ని 1991 ఖాతాలో వేస్తే అసలు బాధ్యులు తప్పించుకుంటారు.

రైతు మునిగాడన్న మాటలో మాత్రం బలముంది. 1992 ఆగస్టులో ఫాస్ఫేటు, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ ఎత్తేసి యూరియాను మాత్రం చవకగా ఉంచారు. రైతు యూరియా వైపు మొగ్గాడు, నేల సమతుల్యం చెడింది. అది సంస్కరణల్లో జరిగిన పెద్ద తప్పు. 2025 వానాకాలంలో సొసైటీల ముందు చెప్పులు వరుసగా పెట్టి రైతులు పడిగాపులు కాసింది ఆ యూరియా కోసమే.

అయినా దానికి మందు దిగుమతులన్నీ ఆపేయడం కాదు. పొటాష్ మొత్తం బయటి నుంచే వస్తుంది. ముడి చమురులో 85 శాతానికి పైగా అంతే. ఓడలు ఆపితే ముందు ఆగేది మన ట్రాక్టరే.

దిగుమతి సుంకాన్ని తెలివిగా వాడటం వేరు. అందుకు నూనెగింజలే రుజువు. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టి విత్తనం, ధర, సేకరణ కలిపి చూసుకుంది, దిగుమతులను అదుపులో ఉంచింది. ఏడాదికి 1.1 కోటి టన్నులున్న నూనెగింజల దిగుబడి 1993-94 నాటికి రెండు కోట్లు దాటింది, నూనె దిగుమతి దాదాపు నిలిచిపోయింది. ఆ తరువాత 1994లో పామాయిల్ నుంచి తీసే పామోలిన్‌ను లైసెన్సు లేకుండా రానిచ్చి, 65 శాతంగా ఉన్న సుంకాన్ని 1998 నాటికి 15 శాతానికి దించారు. ఇప్పుడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. సందేశం రాసినవారికి నిజంగా కోపం రావాల్సింది ఇక్కడ.

ఆ నష్టం వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు మార్కెట్ యార్డుల్లో కనిపిస్తుంది. ఎకరాకు 60 కిలోలకు పైగా విత్తనం పోసి, బోరు నీటితో పండించిన పల్లీ కుప్పగా పడి ఉంటుంది. వ్యాపారి గుప్పెడు కాయలు తీసి ఆడిస్తాడు, రెండు చిదిమి గింజ చూస్తాడు, తేమ ఉందంటూ ధర తగ్గిస్తాడు. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద మూల సుంకం 20 శాతం చేశారు, 2025 మే చివర దాన్ని 10కి తగ్గించారు. యాసంగి పల్లీ విత్తేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. మనం అడగాల్సింది సుంకం విత్తడానికి ముందే ప్రకటించమని, కాయ అమ్ముడయ్యేదాకా మార్చవద్దని, ధర మద్దతు కంటే పడిపోయిన రోజున యార్డులోనే ప్రభుత్వం కొనాలని.