సవరణ: హన్మకొండ ఇంటి ఏసీ లెక్క

హన్మకొండలోని ఓ రెండంతస్తుల ఇంటికి సాఫ్ట్‌వేర్‌లో కూలింగ్ లోడ్ (గదిని చల్లగా ఉంచడానికి ఏసీ బయటికి తోడాల్సిన వేడి) ఎలా కట్టాలో మొన్నటి పోస్టులో రాశాను. అందులో "120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను చాలు" అన్న మాట కింది అంతస్తుకే వర్తిస్తుంది. పైన ఎండకు కాలే స్లాబున్న గదికి దాన్ని వాడకండి. చాలామంది అదే లెక్కతో ఏసీ కొనబోతున్నారు, అందుకే ఈ వివరణ.

తేడా అంతా స్లాబులోనే ఉంది. ఏ పొరా లేని ఆరంగుళాల కాంక్రీటు స్లాబుకు యూ విలువ (వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 3 పైనే ఉంటుంది. దాని మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక) వేస్తే 0.5 దగ్గరికి దిగుతుంది. పైగా స్లాబు పగలంతా తాగిన వేడిని సాయంత్రం గదిలోకి వదులుతుంది. కాబట్టి మధ్యాహ్నం రెండు గంటల లోడ్ ఒక్కటే చూస్తే సరిపోదు, గంటగంటకూ వచ్చే పట్టిక తెరిచి పీక్ (అన్నిటికన్నా ఎక్కువ లోడ్) ఎప్పుడుందో చూడాలి.

వాతావరణ ఫైలు (ఊరి ఎండ, వేడి వివరాలను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే ఫైలు) సంగతీ ఉంది. హైదరాబాద్ ఫైలు పెట్టి వరంగల్ ఇంటికి లెక్క కట్టొద్దు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, వరంగల్ 300 మీటర్ల దరిదాపుల్లోనే. ఎత్తు తగ్గితే వేడి పెరుగుతుంది, మే నెల ఎండల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. రామగుండం, మంచిర్యాల వాళ్లకైతే మరీ ముఖ్యం.

హీటింగ్ లోడ్ (చలికాలంలో గదిని వెచ్చగా ఉంచడానికి కావాల్సిన వేడి) అంకె కూడా రిపోర్టులో వస్తుంది. మన దగ్గర ఇళ్లకు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ, అంటే సుమారు 3.5 కిలోవాట్లు. పాత పోస్టులోని ఈ అంకె సరైనదే.