ఆకాశానికి నిరభ్యంతర పత్రం

నగరంలో బాణాసంచా పండుగలు అంతరించిపోతున్నాయని కొందరు పెద్దలు బెంగపెట్టుకున్నారు. ఆ బెంగ అనవసరం. హైదరాబాద్‌లో మందుగుండుకు వచ్చిన లోటేమీ లేదు. దీపావళి నాడు ఐదంతస్తుల మేడ మీద, నీళ్ళ ట్యాంకుకూ కేబుల్ వైర్లకూ నడుమ, ఖాళీ బీరుసీసాలో జువ్వ నిలబెట్టి అంటించేవాడిని ఏ శాఖా సంతకం అడగదు. ఆ జువ్వ ఎవరి బాల్కనీలో దూరాలన్నది దాని ఇష్టం. సంతకాలు కావలసిందల్లా ఇదే పనిని తెలిసినవాళ్ళ చేత, ఖాళీ జాగాలో, జనాన్ని దూరంగా నిలబెట్టి చేయిద్దామనుకునే అమాయకులకే.

అటువంటి అమాయకుల ఉపయోగార్థం నాలుగు మాటలు.

మొట్టమొదట, బాణాసంచా ప్రదర్శన పెట్టదలచిన ఉత్సవ సమితి తెలుసుకోవలసింది, పైకి లేవాల్సింది గొట్టంలోంచి ఎగిరే గుండు కాదు, ఫైలు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది, దాని కింద 2008 నాటి నియమావళి ఉంది. పోలీసు అనుమతి, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ఎటూ తప్పవు. హుస్సేన్‌సాగర్ దగ్గరైతే ఇంకాస్త సులువు. పడవ పర్యాటక శాఖది, ఒడ్డు మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది, మర్నాటి చెత్త నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీది, పొగ కాలుష్య నియంత్రణ మండలిది. బేగంపేట విమానాశ్రయం కూతవేటు దూరమే కనుక ఆకాశానికీ ఓ యజమాని ఉన్నాడు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట: "మిగతావాళ్ళవి పట్టుకురా అన్నా, మాదెంతసేపు?" మిగతావాళ్ళూ అదే అంటారు. భూచక్రం అనే వస్తువును కనిపెట్టింది శివకాశీలో కాదని, ఏదో కార్యాలయం వరండాలోనని అనుమానం.

ఈ లోగా సరుకు కొనాలి. తాత్కాలిక దుకాణాలకు నియమావళి చాలా స్పష్టంగా ఉంది: మండని సామగ్రితో కట్టిన షెడ్డు, షెడ్డుకూ షెడ్డుకూ మధ్య 3 మీటర్లు, ఇళ్ళూ బడులూ వంటి కట్టడాలకు 50 మీటర్లు, ఎదురెదురుగా ఉండకూడదు, ఒక చోట 50కి మించకూడదు, నూనె దీపాలు, గ్యాసు లైట్లు దగ్గరలో కనపడకూడదు. ఇది రాసినవారు బేగంబజార్ వచ్చి ఉండరు. అక్కడ 3 మీటర్లంటే దుకాణాల మధ్య ఖాళీ కాదు, రెండు వరసల దుకాణాలూ, మధ్యలో స్కూటరూ, దాని మీద కూర్చున్న అన్నా. 2024 అక్టోబరు 27న, పండుగకు నాలుగు రోజుల ముందు, బొగ్గులకుంటలో ఒక టపాసుల దుకాణం అంటుకుని వీధంతా పరుగులు తీసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు అందరూ మీటర్లలో మాట్లాడారు.

చప్పుడు సంగతి మరీ శాస్త్రీయం. టపాకాయ పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదు. ఇది 1999 నుంచీ ఉన్న మాటే. సరాలకైతే సూత్రం వేరు: సరంలో ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యకు లాగరిథం కట్టి, ఐదుతో గుణించి, ఆ వచ్చినదాన్ని 125లోంచి తీసేయాలి. వెయ్యివాలాకు వెయ్యి లాగరిథం 3, ఐదు మూళ్ళు 15, కాబట్టి ఒక్కో కాయ 110కి లోబడి ఉండాలి. వత్తి అంటించే కుర్రాడి దగ్గర అగరుబత్తితో పాటు లాగరిథం పట్టిక కూడా ఉండాలన్నమాట. వాడు ఆ లెక్క నేర్చుకునే లోపే 2018లో సుప్రీంకోర్టు సరాలనే వద్దంది. లెక్క మిగిలింది, సరం పోయింది.

అదే తీర్పు దీపావళికి రాత్రి 8 నుంచి 10, కొత్త సంవత్సరానికి 11.55 నుంచి 12.30 అని వేళలు పెట్టింది. కొత్త ఏడాదికి దక్కినవి సరిగ్గా 35 నిమిషాలు. దాంతోపాటు, నిర్ణీత స్థలాల్లో జనమంతా కలిసి కాల్చుకునే ఏర్పాటు చూడమని కూడా చెప్పింది. తీర్పు మొత్తంలో అన్నిటికన్నా తెలివైన మాట అదే. మనం తక్కినవన్నీ పాటించలేక అలసిపోయి, దాని దాకా రాలేదు. 2020లో మరీ చిత్రం. నవంబరు 12న హైకోర్టు నిషేధం, 13న సుప్రీంకోర్టు సడలింపు, 14న దీపావళి. షట్టరు దించినవాడు చెయ్యి తీయకుండానే మళ్ళీ ఎత్తాడు.

ఇక హరిత టపాసులు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేసిన సూత్రంతో వస్తాయి. మామూలు వాటి కన్నా ధూళి కనీసం 30 శాతం తక్కువ, డబ్బా మీద క్యూఆర్ కోడ్, పేర్లు స్వాస్, స్టార్, సఫల్. వీటిలో లేనిదల్లా హరితం. ఆకాశంలో పచ్చరంగు పూయాలంటే బేరియం లవణాలు కావాలి, బేరియాన్ని కోర్టు నిషేధించింది. ఎరుపు కావాలంటే స్ట్రాన్షియం ఉంది, నారింజకు కాల్షియం, పసుపుకు సోడియం, నీలానికి రాగి, వెండి మెరుపులకు అల్యూమినియం, టైటానియం. పచ్చదనం ఒక్కటే మందులో లేదు, డబ్బా మీద ఉంది. కాబట్టి జాతీయ జెండా రంగులు ఆకాశంలో కావాలని పట్టుబట్టే సమితి సభ్యుణ్ణి మెల్లగా పక్కకు పిలిచి, రెండు రంగులతో సరిపెట్టుకోమని చెప్పాలి. క్యూఆర్ కోడ్ నమ్మకమైనదే, కానీ దాన్ని స్కాన్ చేసి చూసినవాడు ఇంతవరకు ఆ వీధిలో తారసపడలేదు.

అనుమతులూ సరుకూ అయ్యాక జాగా. ఇక్కడ మాత్రం కాస్త నిదానించాలి. పెద్ద గుండ్లకు అమెరికావాళ్ళు పాటించే కొలత ఒకటుంది: గుండు అడ్డకొలతలో ప్రతి అంగుళానికీ 70 అడుగుల చొప్పున అన్ని వైపులా జనం ఉండకూడదు. 3 అంగుళాల గుండుకు 210 అడుగులు, 6 అంగుళాలకు 420. గుండు సుమారుగా అంగుళానికి 100 అడుగులు పైకి పోతుంది గనక, నేరుగా లేవకపోతే పక్కకు ఎంత పోగలదో ఊహించుకోవచ్చు. నెక్లెస్ రోడ్డులో మొక్కజొన్న కంకుల బండికీ ఐస్‌క్రీం బండికీ మధ్య 420 అడుగులు దొరకవు. పైగా ఆ రెండూ గొట్టాల పక్కనే నిలబడతాయి. జనం ఎక్కడుంటే బేరం అక్కడ, జనం ఎక్కడ వద్దంటే అక్కడ ఉంటారు.

గుండ్లు పేల్చే గొట్టాలు హెచ్‌డీపీఈ అనే సాగే ప్లాస్టిక్‌వి కావాలి. గుండు లోపలే పేలితే ఆ గొట్టం చీలుతుంది. బోరింగుకు తెచ్చి మిగిలిన పీవీసీ పైపు అయితే గాజులా పగిలి ముక్కలు ఎగురుతాయి. గుత్తేదారు దగ్గర ఎప్పుడూ పీవీసీయే మిగులుతుంది. విడి గొట్టాన్ని మూడింట రెండు వంతులు ఇసుకలో పాతాలి. చట్రంలో పెడితే చట్రానికి కట్లు వెయ్యాలి, లేకపోతే మొదటి గుండు లేచిన తన్నుకు చట్రం ఒరిగి, రెండోది వేదిక వైపు చూస్తుంది. అక్టోబరు వానకు గొట్టం మూతి అల్యూమినియం రేకుతో కప్పాలి. గుండును పైకి తన్నేది నల్ల తుపాకిమందు, అంటే సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్ళు. అది చెమ్మగిల్లితే గుండు యాభై అడుగులు లేచి, ఇంక చాలనుకుని అక్కడే విచ్చుకుంటుంది. కింద జనం చప్పట్లు కొడతారు, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదని.

నీళ్ళ మీద కాలిస్తే ఈ దూరాల బాధ తప్పుతుంది, అందుకే అందరి చూపూ సాగర్ మీద. 2025 జనవరి 26 రాత్రి హుస్సేన్‌సాగర్‌లో పడవ మీద బాణాసంచా కాలుస్తుండగా మంటలు లేచి రెండు పడవలు అంటుకున్నాయి, ప్రాణాలు పోయాయి. ఆ మాట దగ్గర వెటకారం ఆపాలి. నేల మీద వత్తి అంటించి పరిగెత్తవచ్చు, నీటి మీద పరిగెత్తే చోటు లేదు. గుండ్లు బిగించిన తెప్ప మీద కాల్చే వేళకు ఒక్క మనిషీ ఉండకూడదు. ప్రతి గుండుకూ విద్యుత్ వత్తి కట్టి, తీగలన్నీ సన్నని కరెంటుతో ముందే పరీక్షించి, దూరపు ఒడ్డు నుంచి మీట నొక్కాలి. కాల్చబోయే సరుకు తప్ప అదనపు డబ్బా ఒక్కటీ ఆ తెప్ప ఎక్కకూడదు. దీనికయ్యే అదనపు ఖర్చు, వేదిక మీద వేసే పూలదండల ఖర్చు కన్నా మరీ ఎక్కువేమీ కాదు.

ఇంత చేశాక అసలు విపత్తు వస్తుంది. ఆయన పేరు ముఖ్య అతిథి. గుండ్లు మూడింటికే గొట్టాల్లో దిగి ఉంటాయి, ప్రదర్శన ఎనిమిదింటికి అనుకుంటారు, ఆయన తొమ్మిదీ నలభైకి దిగుతారు. దీపం, శాలువా, రెండు మాటలు. పదికి వేళ ముగుస్తుంది. ఇరవై నిమిషాలకు కూర్చిన ప్రదర్శనను ఎనిమిది నిమిషాల్లో తగలెయ్యాలి. గాలి కదలకపోతే మొదటి మూడు నిమిషాల పొగ అక్కడే నిలిచిపోయి, మిగతాదంతా దుప్పటి వెనక టార్చి వేసినట్టు కనపడుతుంది. కాస్త గాలి ఉంటేనే మేలు, అయితే అది జనం వైపు నుంచి గొట్టాల వైపు వీచాలి. కుర్చీలు వేసేవాళ్ళు మాత్రం ఫోటోలో వెనకాల అంబేడ్కర్ విగ్రహం పడే వైపే వేస్తారు. గాలిని అడగరు. మసి శాలువా మీద రాలితే వచ్చే ఏడు అనుమతి ఉండదు.

ఈ బాధలన్నీ ఎందుకని డ్రోన్లు పెట్టమనే వర్గం ఒకటి తయారైంది. మంచిదే, పొగ లేదు, నిప్పు లేదు. పావుగంటలో బ్యాటరీ అయిపోతుంది, గాలి జోరైతే లేవవు, బేగంపేట పక్కన ఎగరేయడానికి వేరే ఫైలు కావాలి. ముఖ్యంగా, చప్పుడు లేదు. చప్పుడు లేని దీపావళిని తీసుకెళ్ళి ఏ పాతబస్తీ గల్లీలోనైనా పెట్టండి, కరెంటు పోయిందా అని అడుగుతారు.

ప్రదర్శన అయ్యాక అరగంట దాకా గొట్టాల దగ్గరికి ఎవరూ పోకూడదు. పేలని గుండును నీళ్ళతో నానబెట్టాలి, గొట్టంలోకి తొంగిచూడకూడదు. మర్నాడు తొలి వెలుతురులో మైదానమంతా అడుగడుగూ వెతకాలి. ఆ వెతుకులాటకు పద్దులో డబ్బు పెట్టిన సమితి అరుదు, పెట్టనవసరం కూడా లేదు. ఆరింటికల్లా గల్లీ పిల్లలు వచ్చేస్తారు. పేలనివన్నీ ఏరి, చొక్కా ఒళ్ళో పోసుకుని, గోడ చాటున పాత పేపరు పరిచి, మందు విప్పి కుప్ప పోసి అగ్గిపుల్ల గీస్తారు. కుప్ప మీదికి వంగి చూస్తారు. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో ప్రతి దీపావళికీ డాక్టర్లను ముందే సిద్ధంగా ఉంచుతారు. ఆ ఏర్పాటుకు ఎవరి నిరభ్యంతర పత్రమూ అక్కర్లేదు.