పీటీఎస్‌డీ అని రాయలేదంటే జబ్బు లేనట్టేనా?

సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ల గురించి ఒక సందేశం వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పీడకలలు, ఉలికిపాటు సైనికులకు మామూలేనట. డాక్టరు పీటీఎస్‌డీ (యుద్ధం లాంటి భయానక అనుభవం తర్వాత మనసును పట్టి పీడించే జబ్బు) అని రాయలేదంటే జబ్బు లేనట్టేనట. ఆర్నెల్లు దాటితే గండం గట్టెక్కినట్టేనట. పాతవి కదిలిస్తే లేని జబ్బు అంటగట్టినట్టవుతుందట. మాజీ సైనికులున్న ఇళ్లు దీన్ని నమ్మితే నష్టం పెద్దది.

ముందు ఆ ‘రాయలేదంటే’ సంగతి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి కొలమానం లక్షణాలను నాలుగు గుంపులు చేసింది. వెంటాడే జ్ఞాపకాల్లో ఒకటి, తప్పించుకు తిరగడంలో ఒకటి, ఆలోచనల్లో, మనసులో వచ్చే మార్పుల్లో రెండు, అతి అప్రమత్తతలో రెండు ఉండాలి. అవి నెలకు మించి సాగి, బతుకును ఇబ్బంది పెట్టాలి. ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకోండి. పేలుడు కలలతో అర్ధరాత్రి లేచి తలుపు గడియ మళ్లీ మళ్లీ చూసుకుంటాడు. పాత సహచరులు ఫోన్ చేస్తే ఎత్తడు. పెళ్లికి వెళ్తే గోడకు ఆనుకుని, గుమ్మం కనిపించేలా కూర్చుంటాడు. పెళ్లాంబిడ్డల మధ్య ఉన్నా పరాయివాడిలా ఉంటాడు. ఆలోచనలు, మనసు మార్పుల గుంపులో రెండు ఉండాల్సింది, అతనికి ఉన్నది ఆ పరాయితనం ఒక్కటే, కాబట్టి కాగితం మీద పీటీఎస్‌డీ లేదు. అతని నిద్ర మాత్రం పోయింది. ఇలాంటివాళ్లు తక్కువేమీ కాదు. అమెరికాలో 1988 నాటి జాతీయ అధ్యయనం ప్రకారం వియత్నాంలో పనిచేసిన మగవాళ్లలో 30.9 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు పూర్తి జబ్బు వచ్చింది. మరో 22.5 శాతం మంది పాక్షిక లక్షణాలతో బాధపడ్డారు.

ఆర్నెల్ల మాట ఇంకా తప్పు. ఆర్నెల్లు దాటాకే పూర్తి లక్షణాలు కనబడే రకం ఒకటుందని ఆ కొలమానమే చెబుతోంది. 2007లో అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ సంస్థ పరిశోధకులు ఇరాక్ నుంచి వచ్చిన 88,235 మంది సమాధానాలు చూశారు. రెగ్యులర్ సైనికుల్లో పీటీఎస్‌డీ అనుమానించదగ్గవాళ్లు రాగానే 11.8 శాతం, కొన్ని నెలల తర్వాత 16.7 శాతం. అవసరమైనప్పుడు పిలిచే రిజర్వ్ సైనికుల్లో 12.7 నుంచి 24.5కి పెరిగింది. అదే ఏడాది వచ్చిన మరో సమీక్షలో సైనికుల కేసుల్లో 38.2 శాతం ఆలస్యంగా బయటపడ్డవే. ముందు ఏ లక్షణమూ లేకుండా హఠాత్తుగా వచ్చినవి అరుదు. మనం తేలిగ్గా కొట్టిపారేసే చిన్న లక్షణాలే ముదిరి పెద్దవవుతున్నాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

‘మామూలే’ అన్నదాంట్లో కొంత నిజముంది. ఆ 88 వేల మందిలో మొదట లక్షణాలు చెప్పినవాళ్లలో సగం మందికి, ఇంకాస్త ఎక్కువ మందికే, తర్వాత తగ్గాయి. ఎవరికి తగ్గుతుందో, ఎవరికి ముదురుతుందో మొహం చూసి చెప్పలేం. అందుకే ఒకసారి అడిగి వదిలేయకుండా మళ్లీ మళ్లీ అడగాలి.

అడిగితే జబ్బు పుట్టదు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో వాడేది ఐదు ప్రశ్నల చిన్న పరీక్ష: పీడకలలు, తప్పించుకోవడం, ఉలికిపాటు, మనసు మొద్దుబారడం, తనను తాను నిందించుకోవడం. అక్కడి మార్గదర్శకాలు మందులకన్నా ముందు సూచించేది కూడా శిక్షణ ఉన్న నిపుణుడి తోడుతో ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కొనే చికిత్సనే. తప్పించుకు తిరిగినంతకాలం భయం తగ్గదు.

మన దగ్గర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కి బీపీ చూపించుకోవడానికి వెళ్లిన రోజే నిద్ర సంగతీ చెప్పవచ్చు. జబ్బు పేరుతో పని లేదు, రాత్రిళ్లు ఏం జరుగుతోందో చెబితే చాలు.