మా అమ్మ అబద్ధం చెప్పలేదు

ఇప్పుడే చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చి బస్సు దిగాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. పొద్దున గృహప్రవేశంలో ఆకు ముందు కూర్చోగానే మా మామ అందరికీ వినపడేలా అడిగాడు: "ఏమ్మా, ఇంతకీ నువ్వు ప్లీడరువా, పిచ్చి డాక్టరువా?" పంక్తిలో ఒకటే నవ్వులు. డిగ్రీలో సైకాలజీ చదివి లాలో చేరినప్పటి నుంచీ ఎక్కడికి వెళ్లినా ఇదే మాట.

ఈ రెండూ సంబంధం లేని చదువులా? నేరం చేసే క్షణంలో తను ఏం చేస్తున్నాడో మనిషికి తెలుసా లేదా అని చట్టమే అడుగుతుంది. ఐపీసీలో అది 84వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 22. పదహారు దాటిన పిల్లాడు ఘోరమైన నేరం చేస్తే, పెద్దవాళ్లతో సమానంగా విచారించే ముందు వాడి మానసిక స్థితిని అంచనా వేయాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతుంది. మనసు గురించి తెలియకుండా అది ఎలా తేలుస్తారు?

సరే, నా అసలు కోపం ఇది కాదు.

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు మా అమ్మ ఒక లారీ యాక్సిడెంట్‌కి సాక్షి. మూడేళ్లకు పిలిచారు. పోలీసులకు ఎరుపు లారీ అని చెప్పిందట, కోర్టులో నారింజ రంగు అంది. "అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?" అని అవతలి లాయరు అరిచాడు. అమ్మకి నోరు పెగల్లేదు. ఇంటికి వచ్చేదాకా దారంతా మామ ఒకటే తిట్టు: "రంగు కూడా గుర్తుపెట్టుకోలేవా అక్కా?"

1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే సైకాలజీ పరిశోధకులు కొందరికి కార్లు ఢీకొనే ఒకే ఫిల్ములు చూపించి స్పీడు అడిగారు. "బలంగా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే సగటున గంటకు 41 మైళ్లు అన్నారు, "తాకినప్పుడు" అంటే 32. మారింది ఒక్క మాటే. ఇలాంటిదే ఇంకో ప్రయోగంలో, వారం తర్వాత అడిగితే, గుద్దుకున్నాయని విన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మంది లేని గాజుపెంకులు కూడా చూశామన్నారు. వాళ్లెవరూ అబద్ధాలకోరులు కారు. జ్ఞాపకం అలాంటిది. ఇది క్లాసులో విన్న రోజు హాస్టల్‌కి వచ్చి ఏడ్చాను. సాక్షిని ప్రశ్నించబోయే ప్రతి లాయరూ ఇది చదివి తీరాలి. లాలో నేను చేరింది అందుకే.

అమ్మ ఇప్పటికీ ఆ కోర్టు ముందు నుంచి వెళ్లదు, ఆటోని చుట్టూ తిప్పిస్తుంది. పొద్దున పంక్తిలో మామ పక్కనే కూర్చుంది. ఆకులోంచి తల ఎత్తలేదు.