పని లెక్క సెకన్లలో ఉంటుంది, లాభం లెక్క మాత్రం చూపించరు

అమెరికాలో ఉత్పాదకత (అంటే గంట పనికి ఎంత విలువ తయారవుతుందో ఆ లెక్క) గీతనీ జీతాల గీతనీ పక్కపక్కన పెట్టిన గ్రాఫ్ చాలామంది చూసే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మూడు దశాబ్దాల పాటు రెండూ జోడెడ్లలా నడిచాయి, తర్వాత ఒకటి కొండెక్కింది, రెండోది నేల మీదే పాకుతోంది. ఎకనమిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 1979 నుంచి 2020 వరకు ఉత్పాదకత దాదాపు 62 శాతం పెరిగింది, మామూలు కార్మికుడికి గంటకు దక్కేది మాత్రం ధరల పెరుగుదల తీసేశాక 17.5 శాతమే పెరిగింది. ఎందుకిలా అని అడిగితే టెక్నాలజీ అనో, ప్రపంచీకరణ అనో రెడీమేడ్ జవాబు వస్తుంది. నేను ఒప్పుకోను. ఆ రెండెడ్లూ వాటంతట అవి ఎప్పుడూ కలిసి నడవలేదు, వాటి మెడ మీద కాడి ఉండేది, దాన్ని తీసేశారు.

ఆ కాడి ఏమిటో చూడాలంటే 1945 నవంబర్‌కి వెళ్లాలి. కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌లో 3 లక్షల మందికి పైగా కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్ల నాయకుడు వాల్టర్ రూథర్ అడిగింది 30 శాతం పెంపు, అదీ కార్ల ధర పెంచకుండా. అంత ఇవ్వలేమంటారా, అయితే మీ లెక్కల పుస్తకాలు తెరిచి చూపించండి అన్నాడు. కంపెనీకి అసలు మంట పుట్టించింది ఈ రెండో మాటే. సమ్మె 113 రోజులు నడిచింది, గంటకు 18.5 సెంట్ల పెంపుతో ముగిసింది, పుస్తకాలు మాత్రం తెరుచుకోలేదు. కానీ ఆ సమ్మె వేడి ఊరికే పోలేదు. 1948లో అదే కంపెనీ ధరలు పెరిగితే జీతం పెరిగే పద్ధతికి ఒప్పుకుంది, దాంతోపాటు ఉత్పాదకతలో వాటాగా ఏటా గంటకు 3 సెంట్లు అదనంగా ఇస్తానని రాసిచ్చింది. 1950లో దాన్నే ఐదేళ్ల ఒప్పందం చేశారు, మిగతా పెద్ద పరిశ్రమలు చాలావరకు ఆ దారినే పట్టాయి. ఉత్పాదకత పెరిగితే జీతం పెరగడం ఏ ఆర్థిక సూత్రమో కాదు, సంతకాలు పెట్టిన కాగితం!

తర్వాతి కథ తెలిసిందే. 1981 ఆగస్టులో సమ్మె చేసిన 11 వేల మందికి పైగా ప్రభుత్వ విమాన ట్రాఫిక్ కంట్రోలర్లని అధ్యక్షుడు రీగన్ ఉద్యోగాల్లోంచి తీసేశాడు, ప్రైవేటు యజమానులకు ధైర్యం వచ్చింది. 1982లో కంపెనీలు తమ షేర్లు తామే కొనుక్కోవడానికి రూల్స్ సడలించారు, జీతాలకు పోకుండా మిగిలిన డబ్బు వాటాదారుల వైపు పోవడానికి దారి దొరికింది. 1950ల మధ్యలో ప్రతి ముగ్గురిలో ఒకరు యూనియన్‌లో ఉండేవారు, ఇప్పుడు పదిమందిలో ఒకరు. కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అడిగే గొంతునే నొక్కేశారు.

జీతం పెరగకపోయినా ఆరోగ్య బీమా లాంటివి పెరిగాయి కదా అనేవాళ్లున్నారు. నేను పైన ఇచ్చిన 17.5 శాతంలో అవి కూడా కలిసే ఉన్నాయి. ఇక చదువూ నైపుణ్యమూ లేక వెనకబడ్డారనే మాట నిజమైతే, 2000 తర్వాత పదేళ్లకు పైగా కొత్తగా డిగ్రీ పట్టుకుని వచ్చిన కుర్రాళ్ల జీతాలు కదలకుండా ఎందుకు కూర్చున్నాయి?

నాకు నిజంగా కడుపు రగిలే విషయం వేరే ఉంది. గోదాములో సరుకు ఏరే మనిషి చేతిలో స్కానర్ చూడండి. సరుకు పెట్టిన ఏ అర దగ్గరికి వెళ్లాలో అదే చెప్తుంది, వస్తువు బీప్ అనగానే తర్వాతి అర నంబరు వస్తుంది, దాంతోపాటు సెకన్లు తరిగిపోవడం మొదలవుతుంది. నీళ్లు తాగడానికి ఆగినా, బాత్రూమ్‌కి వెళ్లినా ఆ నిమిషాలు విడిగా నమోదవుతాయి, సాయంత్రానికి సూపర్‌వైజర్ దగ్గర లిస్టు ఉంటుంది. ఒక మనిషి పనిని ఇంత సన్నగా కొలవడం చరిత్రలో ఎప్పుడూ సాధ్యం కాలేదు. మరి అంత కచ్చితంగా కొలిచే కంపెనీ, ఆ మనిషి వేగం పెరిగినందువల్ల తనకెంత మిగిలిందో ఆ మనిషికి ఎందుకు చెప్పదు? కొలత అంతా ఒకవైపే ఉంటే బేరం ఎలా కుదురుతుంది?

అందుకే జీతాల గురించి మాట్లాడిన ప్రతిసారీ నేను రూథర్ అడిగిన ఆ రెండో మాట, పుస్తకాలు తెరవమన్న మాట దగ్గరికే వస్తాను. జర్మనీలో 1976 చట్టం ప్రకారం 2 వేల మంది కంటే ఎక్కువ ఉన్న కంపెనీల్లో యాజమాన్యం పనితీరును గమనించే పర్యవేక్షక బోర్డు సీట్లలో సగం కార్మికుల ప్రతినిధులవి. లెక్కలు వాళ్ల ముందుకు వస్తాయి, కంపెనీలేమీ కూలిపోలేదు. అమెరికాలో ఆ వైపు పడిన అడుగు చాలా చిన్నది. 2022 జనవరి నుంచి కాలిఫోర్నియాలో పెద్ద గోదాముల కార్మికులకు వాళ్ల కోటా, అంటే ఇంత సమయంలో ఇంత పని చేయాలన్న లెక్క, ఎంతో రాతపూర్వకంగా ఇవ్వాలి, అడిగితే గత 90 రోజుల పని వేగం లెక్క కూడా చేతికివ్వాలి. ఆ కాగితంలో గంటకు ఎన్ని వస్తువులు ఏరారో ఉంటుంది. ఆ గంటలో కంపెనీకి ఎంత మిగిలిందో ఉండదు, అడిగే హక్కూ ఆ చట్టంలో లేదు.