జీలకర్ర, బెల్లం, కొన్ని వెంట్రుకలు

ముహూర్తం కుదిరింది. పెళ్ళికొడుక్కి నడినెత్తి ఖాళీ. చేతిలో 24 రోజులు. సెంటర్లో జుట్టు నాటే క్లినిక్ హోర్డింగు. ఇంకేం, 2,400 గ్రాఫ్టులు (తల వెనక నుంచి తీసి నాటే వెంట్రుకల కుదుళ్ళు), వడ్డీ లేని వాయిదాలు, ఓ ఆదివారం పొద్దున సగం బోర్లా, మధ్యాహ్నం నుంచి వెల్లకిలా. తలంతా మిషను పెట్టి గొరిగారు. చుట్టాలడిగితే "తిరుపతి మొక్కు" అన్నారు. నాలుగోనాటికి నుదుటి వాపు కళ్ళలోకి దిగింది, పోయింది. పదోనాటికి పక్కులు రాలాయి. అంతా సవ్యం.

ఇక జీలకర్రబెల్లం. నానిన జీలకర్రని కొత్త బెల్లంతో నూరితే ఏమవుతుందో తెలుసుగా, వడ్రంగి బంకకి పెద్దన్నయ్య. పైగా గట్టిగా నొక్కిన వాళ్ళదే సంసారంలో పైచెయ్యని ఓ మేనత్త పెళ్ళికూతురికి చెవిలో ఊదింది. ఆ పిల్ల నొక్కింది. అరచేతి వేడికి బెల్లం కరిగింది. మంత్రాలు అయిపోయాయి. ఫొటోగ్రాఫర్ అయిపోనివ్వలేదు: "చెయ్యి అలాగే ఉంచండి మేడం, ఇంకొక్కటి." అలా మూడుసార్లు. చెయ్యి తీసేసరికి తమలపాకుతో పాటు ముద్ద వచ్చింది, ముద్దతో పాటు జుట్టు వచ్చింది. జీలకర్ర గింజ అర సెంటీమీటరు. రాలిన వెంట్రుక ఇంచుమించు అంతే, బెల్లంలో తడిశాక రంగూ ఇంచుమించు అంతే. అందుకే మొదట జీలకర్ర దండిగా వేశారనుకున్నారు. మేనత్తే కళ్ళజోడు సవరించుకుని ఒకదాన్ని గోటితో తీసి, వెలుతురులో పెట్టి చూసింది. చివర తెల్లటి బుడిపె.

"ఓరి నాయనో, వేళ్ళతో సహా వచ్చేశాయే!"

సన్నాయి ఆగింది.

అది వేరు కాదు. వెంట్రుక అడుగున ఉండే ముద్ద మాత్రమే. అసలు కుదురు చర్మం లోపలే భద్రంగా ఉంటుంది. పదిరోజులు దాటాక బెల్లం కాదు కదా, దువ్వెన కూడా దాన్ని పీకలేదు. తల వెనక నుంచి ఒక మిల్లీమీటరుకి మించని గొట్టంతో తవ్వి తీసిన కుదురు కొంతకాలం సరిగ్గా రక్తం అందక ఉంటుంది. ఆ దెబ్బకి అది నిద్రలోకి జారి, పట్టుకున్న వెంట్రుకని వదిలేస్తుంది. రెండో వారం నుంచి ఆరో వారం దాకా ఈ రాలుడు మామూలే. నాటిన నారు వాడి, ఆనక మూన తిరిగినట్టు, మూడు నాలుగు నెలలకి కొత్త మొలక వస్తుంది. నిండుగా కనబడాలంటే ఏడాది.

ఈ ముక్క చెప్పాల్సినవాడు చెప్పలేదు. తెల్లకోటేసుకుని కూచున్న కౌన్సెలర్ అమ్మకాల మనిషి, డాక్టరు కాడు. "పెళ్ళికా సార్, మూడు వారాలు చాలు" అన్నాడట. చాలింది, మొత్తం ఊడటానికి. జుట్టు నాటేది శిక్షణ ఉన్న వైద్యులే అయ్యుండాలని, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే సరిపోదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. కౌన్సెలర్ నోటికి మాత్రం ఏ కమిషనూ అడ్డం రాలేదు. ఆయన కమిషన్ వేరు. రాలుతుందన్న మాట లేకపోలేదు, చేతిలో పెట్టిన కాగితంలో ఉంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో, పదకొండో అంశంగా.

మండపంలో వైద్యం మొదలైంది. బావమరిది తన ఒత్తు జుట్టు నిమురుకుంటూ, "నాది తీసి పెట్టండి బావా" అన్నాడు. పెద్ద మనసే, పనికిరాదు. పరాయి కుదుళ్ళని ఒంట్లోని రక్షణ వ్యవస్థ బతకనివ్వదు. ఎవరి తలకి వారి వెనకభాగమే దిక్కు. పురోహితుడు గారు, "ప్లాస్టిక్ సర్జరీ అంటిరి, ప్లాస్టిక్ అయితే ఊడకూడదే?" అని సందేహపడ్డారు. ఆ మాటకి మూలం గ్రీకులో మలచడం. బకెట్లూ బిందెల ప్లాస్టిక్‌కీ మూలం అదే, చుట్టరికం అంతవరకే. ఇంకెవరో సూది మెదడుకి తగిలిందేమోనన్నారు. నాలుగైదు మిల్లీమీటర్ల లోతు గాటుకి, కింద పుర్రె ఉండగా, మెదడు చాలా దూరం.

పెళ్ళికొడుకు తల్లి ఇవేవీ వినలేదు. చెంపలు వాయించుకుంది. "స్వామి పేరు చెప్పి అబద్ధమాడామురా, అందుకే ఇలా చేశాడు. గురువారమే కొండకెళ్దాం, నిజంగా గుండు కొట్టిద్దాం."

తలంబ్రాలు అయ్యేలోపే రెండు టిక్కెట్లు బుక్కయ్యాయి. నాటిన చోట కొన్ని నెలలదాకా కత్తి తగలకూడదన్నది ఆ కాగితంలో పన్నెండో అంశం. కాగితం ఇప్పుడు తలంబ్రాల పళ్ళెం కింద ఉంది.